అడవికి గ్రూపు ఫొటో

వీధిలో అందరూ ఆమెను కదలకమ్మ అంటారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు లెండి. పాస్‌పోర్టు సైజు ఫొటోల స్టూడియో నడిపే మనిషి, పొద్దున షట్టరు ఎత్తింది మొదలు "కదలకండి, కదలకండి" అంటూనే ఉంటే జనం ఊరుకుంటారా? తగిలించేశారు.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. గడ్డం ఎంత ఎత్తాలో, చెవులు ఎంత కనపడాలో, ముఖం మీద నీడ పడకుండా దీపాలు ఎక్కడ పెట్టాలో కళ్లు మూసుకుని చెబుతుంది. గ్రూపు ఫొటోలంటేనే చిరాకు. పదిమంది నిలబడితే ఒకడైనా కదులుతాడు కదా, అందుకని తీయనని గోడ మీద రాసి పెట్టుకుంది. ఇంత చేసీ ఏం లాభం? ఫొటో చేతికిస్తే సంతోషపడినవాడు లేడు. "ఇది నేనేనా?" అని ఒకరు, "నా ముక్కు ఇంత లావా?" అని ఇంకొకరు. దేవుడిచ్చిన ముక్కుకి ఆమేం చేస్తుంది? జనం కళ్లప్పగించి చూసే ఫొటో ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో తీయాలని ఆమెకు ఎంత కోరికో! నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే, వీధి చివర పళ్ల డాక్టరమ్మ "మా ఆసుపత్రి హాల్లో గోడ నిండా అడవి ఫొటో పెట్టాలని ఉంది, తీసిస్తావా?" అనగానే, అడవి మొహం చూసి ఎరగని మనిషి "ఓ, దానికేం భాగ్యం!" అనేసింది.

మర్నాడే మొదటి బస్సెక్కి ఊరి బయట అడవికి వెళ్లింది. వంకర లేని చెట్టు కోసం వెతికింది. మబ్బు పట్టి నీడలు పోయేదాకా కాచుకుంది. చెట్టును సరిగ్గా నడిమధ్యన పెట్టి, ఆకు అల్లాడకుండా ఊపిరి బిగబట్టి తీసింది. ఒక్కో చెట్టుకీ ఒక్కో ఫొటో. అవి చూసి మొగుడు పడీ పడీ నవ్వాడు.

"వీటికి వీసా గ్యారంటీ!"

డాక్టరమ్మ నవ్వలేదు, అదే ఇంకా బాధ. "చెట్లు బాగానే ఉన్నాయమ్మా. కానీ నా వంకే గుడ్లురిమి చూస్తున్నట్టున్నాయి. ఇక్కడికొచ్చేవాళ్లు అసలే వణుకుతూ వస్తారు. ఆదివారం దాకా చూస్తాను. కుదరకపోతే బజార్లో జలపాతం బొమ్మ దొరుకుతోంది, అది అంటించేస్తా."

జలపాతం బొమ్మా! ఊరూరా హోటలు గోడలకి వేలాడే ఆ నీలిరంగు జలపాతమా! కదలకమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక ఏడుపు కూడా వచ్చింది.

"ఈసారి నేనూ వస్తాను," అంది అత్తగారు. "ఒక్కదానివీ పోయి ఆ చెట్లని బెదరగొట్టి వస్తున్నావు."

ఆదివారం తెల్లవారేసరికి ఇద్దరూ అడవిలో ఉన్నారు. అత్తగారు పడిపోయిన మాను మీద చతికిలబడి ఫ్లాస్కు మూత తీసింది. కోడలు స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, ఒక చెట్టును మధ్యకు తెచ్చుకుందో లేదో, గాలి లేచింది. కొమ్మలు, ఆకులు, తీగలు అన్నీ ఊగడం మొదలుపెట్టాయి. ఆగితేనా!

"అబ్బబ్బా, కదలకండి!" అని గట్టిగా అరిచింది.

అత్తగారికి టీ పొలమారింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని అంది, "అమ్మాయ్, అవేమన్నా పాస్‌పోర్టుకి వచ్చాయా? అదో పెద్ద సంసారమే! అదిగో, ఆ బోదె లావుగా ఉన్నది ఇంటిపెద్ద. పక్కన ఎడమొహం పెడమొహంగా వంగినవి రెండూ నీ మొగుడూ నీ మరిదీ. కింద తోసుకుంటున్నదంతా పిల్లమూక. ఒక్కర్ని పక్కకి లాగి తీస్తావేం? అందర్నీ కలిపి తియ్యి."

"గ్రూపు ఫొటోనా అత్తయ్యా? గాలికి అన్నీ చెదిరిపోతాయి."

"చెదరనీ. సంసారమన్నాక చెదరదూ?"

కదలకమ్మ నిలబడి చూసింది. నిజమే! అన్నీ కలిసే ఉన్నాయి. ఎవరి నీడ ఎవరి మీద పడుతోందో లెక్కే లేదు. చెట్ల కింద వెలుతురు తక్కువ. కదిలేది చెదరకూడదంటే కెమెరా కన్ను చటుక్కున మూయాలి, మూస్తే బొమ్మంతా చీకటి. నిదానంగా మూస్తే వెలుగొస్తుంది, కానీ కదిలినవన్నీ అలుక్కుపోతాయి. స్టూడియోలో అది మహాపాపం. ఆమె ఒక్క నిట్టూర్పు విడిచి ఆ పాపానికే ఒడిగట్టింది.

"సరే, మీ ఇష్టం! ఎలా కావాలంటే అలా ఊగండి," అని, కెమెరా కన్ను నిదానంగా మూసుకునేలా పెట్టి నొక్కింది.

కెమెరా వెనక చిన్న తెర మీద బొమ్మ వచ్చింది. మానులన్నీ రాయిలా నిలబడ్డాయి. ఆకులు మాత్రం పచ్చటి పొగలా పారుతున్నాయి, మధ్యలోంచి పొద్దుటెండ జారుతోంది. పెద్దలు నిలబడ్డారు, పిల్లలు గెంతుతున్నారు. ఆమె ఆ తెరను అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఏమే, దీన్లోంచి చప్పుడు వినిపిస్తోందే!"

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి తెచ్చిన ఆ బొమ్మను డాక్టరమ్మ దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. కదలకమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది. చివరికి డాక్టరమ్మ, "టేపు తెచ్చుకో, గోడ కొలుద్దువుగాని," అంది. అంతే, రోడ్డు మీదికొచ్చి అత్తాకోడళ్లు చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

బొమ్మ గోడకెక్కిన మర్నాడు, కదలకమ్మ లేని పంటినొప్పి తెచ్చుకుని వెళ్లి ఆ హాల్లో ఓ మూల కూర్చుంది. జనం ఏమంటారో వినకపోతే ఆమెకు ముద్ద దిగేలా లేదు.

ఎవరూ ఏమీ అనలేదు. ఊరికే చూస్తున్నారు. బుగ్గ వాచిన ఒక పెద్దాయన చెంప మీంచి చెయ్యి కూడా తీసేశాడు.

నర్సు వచ్చి, "తాతగారూ, మీ వంతు. రండి," అని పిలిచింది.

"తర్వాత వాళ్లని తీసుకెళ్లమ్మా," అన్నాడాయన గోడ మీంచి చూపు తిప్పకుండా. "భయపడి కాదులే. గాలి బాగా వీస్తోంది, ఇంకాసేపు కూర్చుంటాను."

నర్సు తర్వాతి ఆవిడ వంక చూసింది. ఆవిడ, "నాకూ తొందరేం లేదమ్మా," అంది.