పుష్పకుమారి సాక్ష్యం

చప్పట్లంటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. కొట్టించుకున్న రోజు మాత్రం మురిసిపోయాను.

కృష్ణపట్నం పోయే రోడ్డులో ఉన్న ఆడపిల్లల హోములో నేను కేర్‌టేకర్ని, కాంట్రాక్టు మీద. కేసుల్లో దొరికిన మైనరు పిల్లల్ని, వాళ్ళ కేసులు విచారించే బోర్డు ఏదో ఒకటి తేల్చేదాకా మా దగ్గర ఉంచుతారు. పదకొండేళ్ళుగా నాకొచ్చిన పని రెండే ముక్కలు, తలలు లెక్కపెట్టడం, కేకలేయడం. మొన్న జూలైలో పైనుంచి కాగితం వచ్చింది, దెబ్బలు తిని వచ్చిన పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి రెండు రోజుల శిక్షణ అని. నెల్లూరులో హోటలు, ఏసీ హాలు, భోజనం. స్టేషన్లలో పిల్లల కేసులు చూసే పోలీసుల్ని కూడా పిలిచారు.

శిక్షణ ఇచ్చిన మెర్లిన్ మేడం మొదటిరోజు ఒక మాట చెప్పింది. "పిల్ల మాట వినకపోతే నీకేం రోగం అనకండి. నీకేం జరిగింది అని అడగండి." వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు మాత్రం స్వర్ణ గుర్తొచ్చింది.

స్వర్ణకి పద్నాలుగేళ్ళు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పిల్ల. నాయుడుపేట బస్టాండులో ఒకావిడ దగ్గర పర్సు కొట్టేసిందని కేసు. పిలిస్తే పలకదు. పొగరనుకుని ముందు వారమే చెంప మీద ఒకటిచ్చాను కూడా. ఆ సాయంత్రం హోముకి పోయి, పక్కన కూర్చుని, నేర్చుకున్నట్టే అడిగాను. జుట్టు పక్కకి తీసి చూపించింది. ఎడమ చెవి వెనక పడవ తెడ్డు దెబ్బ. ఆ చెవి వినపడదట.

అమ్మ పోయాక మారుతండ్రి కొట్టిన దెబ్బ అది. తర్వాత చెల్లెలు బిందు మీద కూడా తెడ్డు ఎత్తడం మొదలుపెట్టాడు. పర్సు కొట్టింది బస్సు చార్జీకి. బిందుని తీసుకుపోయి సంగం అనే ఊళ్ళో పెద్దమ్మ చెంచమ్మ ఇంట్లో దాచిపెట్టి, ఏదైనా పని వెతుక్కుందామని తిరిగి నాయుడుపేట వచ్చి దొరికిపోయింది.

"ఎవురికీ చెప్పబాకండి మేడం. ఆయనకి తెలిస్తే పొయ్యి దాన్ని లాక్కొస్తాడు" అంది.

"నా నోట్లోంచి రాదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

రెండోరోజు మెర్లిన్ మేడం, నిన్న చెప్పింది ఎవరైనా చేసి చూశారా అని అడిగింది. ఇంక నన్ను పట్టేదెవరు? ఆదివారం ఆదివారం చర్చిలో సాక్ష్యాలు వింటూ, చెబుతూ పెరిగినదాన్ని. దేవుడు చేసిన మేలు నిలబడి చెప్పాలి, గట్టిగా చెప్పాలి, పేరూ ఊరూ చెప్పాలి. చెప్పకపోతే మా పాస్టరమ్మ అక్కడే ఆపి, "ఎవురు తల్లీ, ఏ ఊరు?" అని అడుగుతుంది. మైకు అందుకుని అలాగే చెప్పాను. స్వర్ణ, చెవి, పర్సు, బిందు, సంగం, చెంచమ్మ ఇల్లు. ఏదీ వదల్లేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మెర్లిన్ మేడం కళ్ళు తుడుచుకుంది. అంత చదువుకున్న మనిషికి, నన్ను ఆపాలని తోచలేదు.

భోజనాల దగ్గర శివ అనే కానిస్టేబుల్ వచ్చి పలకరించాడు. స్వర్ణ వాళ్ళ మండలం స్టేషనే.

"భలే చెప్పినావక్కా. ఆ చిన్నపాప కనపడలేదని వాళ్ళ నాయన కంప్లైంటు మా దగ్గరే ఉండాది. నెలల తరబడి తలనొప్పి" అన్నాడు.

నేను పెరుగన్నం కలుపుకుంటూ నవ్వాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే. శివని తిట్టడానికి నాకు నోరు రాదు. నేను చెప్పిన ఇంటికే పోయాడు, పాప దొరికింది, తండ్రికి అప్పగించాడు, కంప్లైంటు మూసేశాడు. చెడ్డపని చేసింది నేను, మైకు పట్టుకుని.

తర్వాతి శనివారం ములాఖత్ రోజు. తెల్లచొక్కా మనిషి ఒకడు అరటిపళ్ళతో వచ్చాడు. ఎవరో తెలియక నేనే గేటు తీశాను.

"స్వర్ణ వాళ్ళ నాయన్ని మేడం. చిన్నది దొరికింది. అక్కకి చూపిద్దామని తెచ్చినా" అన్నాడు ఎంతో మర్యాదగా. తొమ్మిదేళ్ళ బిందు చెయ్యి అతని గుప్పిట్లో ఉంది. బిందు తల ఎత్తలేదు.

లోపల్నుంచి గబగబా వచ్చిన స్వర్ణ గుమ్మంలోనే ఆగిపోయింది. వాళ్ళని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను సూపరింటెండెంటు గదికి పరుగెత్తాను.

"చిన్నపిల్లని ఆపండి సార్. వాడితో పంపించొద్దు."

"ఏ కాగితం మీద ఆపమంటావు పుష్పకుమారీ? ఆ పాప మీద కేసు లేదు గదా. సోమవారం పిల్లల సంక్షేమ కమిటీకి రాద్దాం" అన్నాడు.

సోమవారానికి మధ్యలో రెండు రాత్రులున్నాయి. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన ఫైలు మూసి భోజనానికి లేచాడు. నేను గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి ములాఖత్ అయిపోయింది. మారుతండ్రి బిందుని రోడ్డు దాటిస్తున్నాడు.

స్వర్ణ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. దగ్గరికొచ్చి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు మెల్లగా అడిగింది.

"మేడం, బిందుని కూడా ఇక్కడ పెట్టుకోవాలంటే అది ఏం దొంగతనం చెయ్యాల?"