మర్డో కుట్టిన సంచి

నేను ఒక తోలు సంచిని. స్కాట్లాండులో మగవాళ్లు పెళ్లిళ్లకూ పండగలకూ కిల్టు అనే గళ్ల పావడా కట్టుకుంటారు. దానికి జేబులుండవు. అందుకని నడుముకు గొలుసు కట్టి, ముందు వైపు నాలాంటి సంచిని వేలాడదీసుకుంటారు. మమ్మల్ని స్పోరన్ అంటారు. తాళంచెవులూ చిల్లరా మోయడమే మా పని. అంత చిన్న పనికి తాతముత్తాతల గౌరవమంతా ఎందుకు తగిలిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

కొండల నడుమ ఒక చిన్న ఊళ్లో మర్డో టాలక్ అనే ముసలాయన నన్ను కుట్టాడు. యాభై ఏళ్లుగా ఆయనకదే పని. దూడతోలు కోసి, తడిపి, చెక్క అచ్చు మీద లాగి ఆరబెట్టాడు. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒక్కో రంధ్రంలో అటునుంచీ ఇటునుంచీ దూర్చి బిగించాడు. అలా కుడితే ఒకచోట తెగినా మిగతా కుట్టు ఊడదు. మూడో రోజున మూత లోపల తన పేరు ముద్ర వేసి, కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నన్ను కొన్నవాడు బాక్స్టర్. ఎడిన్‌బరోలో పర్యాటకులు తిరిగే వీధిలో అతనికి దుకాణం ఉంది. అతను నన్ను అమ్మలేదు. పెట్టెలో పెట్టి సముద్రాల అవతల ఏదో కర్మాగారానికి పంపాడు. అక్కడ నన్ను కొలిచారు, ఫొటోలు తీశారు. తిరిగొచ్చేటప్పుడు నాతోపాటు రెండు వందల సంచులు వచ్చాయి. తోలుపొడిని జిగురుతో అదిమిన అట్టతో చేసినవి. చూపుకు అచ్చం నేనే. మూతల లోపల మర్డో ముద్ర కూడా ఉంది.

ఆ అట్టపెట్టెలు విప్పింది దుకాణంలో పనిచేసే సువార్త. చీరాల దగ్గర వేటపాలెం ఆమెది. భర్త ఇశ్రాయేలు వృద్ధాశ్రమంలో పనిచేస్తాడు, ఇద్దరూ ఈ దేశం వచ్చి రెండేళ్లయింది. సువార్త నాన్న చెప్పులు కుట్టేవాడట, పదో తరగతి దాకా ఆమే దారానికి మైనం పట్టించేదట. నన్ను చేతిలోకి తీసుకోగానే ఆగిపోయింది. లోపలికి వేలు పోనిచ్చి కుట్టు వెనక వైపు తడిమింది. వాసన చూసింది. అంచు మీద గోటితో గీసింది. పక్కనున్నదాన్నీ అలాగే చూసి కింద పెట్టేసింది.

“ఇదొక్కటే చేతికుట్టు,” అంది తనలో తను.

బాక్స్టర్ నన్ను కూడా మిగతావాటితోనే తగిలించమన్నాడు. ప్రతిదానికీ ఒక కార్డు కట్టాలి. ‘ఇక్కడే, చేత్తో కుట్టినది’ అని దస్తూరీతో రాస్తే జనం నమ్ముతారని అతని లెక్క. రాసింది సువార్త.

ఏడాది తిరక్కుండానే అమ్మిన సంచులు పొరలుపొరలుగా లేవడం మొదలైంది. ఎవరో ఒకాయన లోపలి ముద్ర చూసి, విడిపోయిన సంచి తీసుకుని నేరుగా మర్డో ఇంటికెళ్లి నానా మాటలూ అన్నాడట. మర్డో ఫిర్యాదు చేశాడు. విచారణకు అధికారి వస్తుందని కబురు రాగానే బాక్స్టర్ దిగుమతి కాగితాలూ పెట్టెలూ మాయం చేశాడు.

విచారణకు ముందురోజు సాయంత్రం సువార్తను తీసుకెళ్లడానికి ఇశ్రాయేలు వచ్చాడు. కొట్లో ఎవరూ లేరు.

“నువ్వు నోరెత్తబాక,” అన్నాడు. “కార్డుల మీద రాత నీది. కేసైతే మన వీసా ఏమవుద్ది?”

“తెలిసి తెలిసి తెలీదని ఎట్టా చెప్పేదయ్యా?”

“ఆయనొస్తన్నాడుగా. కుట్టినాయనకి తన పని తెలీదా? ఆయనే చెప్పుకుంటాడులే.”

మర్నాడు అధికారితోపాటు మర్డో వచ్చాడు. నన్ను కుట్టిన నాటికీ ఇప్పటికీ ఎంత చిక్కిపోయాడో. కళ్లద్దాల వెనక కళ్లు మసకబారి ఉన్నాయి. ఇవన్నీ ఆయన దగ్గర కొన్నవేనని బాక్స్టర్ వాదించాడు. అధికారి పన్నెండు సంచులు బల్ల మీద పరిచి, “వీటిలో మీరు కుట్టినవి ఏవో చూపించండి,” అంది. పన్నెండింటిలో నేనూ ఉన్నాను.

మర్డో ఒక్కోదాన్నీ తడుముతూ వచ్చాడు. నా దగ్గర ఆగాడు. ఆ వేళ్లు నాకు తెలుసు. కానీ యాభై ఏళ్లు దారం లాగి లాగి వాటి కొసలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చినా తెలియని వేళ్లు. ఆయన నన్ను దాటి, నా తర్వాతదాన్ని ఎత్తాడు.

“ఇదొక్కటే నాది,” అన్నాడు.

అధికారి ఆయన్ని పక్కకు తిరగమని, సంచులు కలిపి మళ్లీ చూపించమంది. ఈసారి వేరేదాన్ని ఎత్తాడు. ఆమె మొహంలోకి చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

“పోనీ, ఒకటి కోసి లోపల అసలు తోలేనా చూద్దామా?” అని మెల్లగా అడిగిందామె.

“వద్దమ్మా,” అన్నాడు మర్డో. “నా చేతికే తెలియలేదు. ఇంక దేన్ని కోసి ఏం లాభం.”

అధికారి సువార్త వైపు తిరిగింది. “మీకేమైనా తెలుసా?”

సువార్త బల్ల మీదున్న నన్నే చూస్తోంది. “తెలియదండీ,” అంది.

ఆమే వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. మర్డో టోపీ తీసి ఆమెకు థాంక్స్ చెప్పి, గోడ పట్టుకుంటూ మెట్లు దిగాడు. ఆ నెలలోనే పనిశాల మూసేశాడని తర్వాత విన్నాను. ఆ ముద్రలన్నీ తనవే అయ్యుంటాయని, మతిమరుపులో ఎప్పుడో నాసిరకంగా కుట్టి ఉంటానని ఊళ్లో అందరితోనూ అంటున్నాడట.

ఆ సాయంత్రం ఇశ్రాయేలు అడిగాడు. “చెప్పలేదుగా?”

“చెప్పలేదు.”

“మంచి పని చేశావు.”

ఆమె కోటు తొడుక్కుంటూ చేయి రెండుసార్లు తప్పు చోట దూర్చింది.

వేసవిలో ఒక పర్యాటకుడు వచ్చాడు. కొడుకు పెళ్లికి కావాలన్నాడు. వరుసలోంచి నన్ను తీసి, “నిజంగా చేత్తో కుట్టిందేనా?” అని అడిగాడు.

“అవునండీ,” అంది సువార్త. “ఇది మాత్రం చేత్తో కుట్టిందే. తీసుకోండి, మీ మనవల దాకా ఉంటుంది.”

అతను నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు. “కుట్లు వంకరగా ఉన్నాయే,” అన్నాడు. పక్కనున్నదాని కుట్లు ఒకే కొలతలో తిన్నగా ఉన్నాయి. దాన్నే ఇమ్మన్నాడు.

సువార్త దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది. నన్ను మళ్లీ కొక్కేనికి తగిలించి, ఖాళీ కనబడకుండా మిగతావాటిని దగ్గరగా జరిపింది.