తల ఎటు దిక్కు?

ఆ దేశం పేరు నా నోట పలకను. మా అక్క కొడుకును మింగిన దేశానికి పేరెందుకు?

రాకేశ్ వంటపని అని పోయాడు. గల్ఫ్‌కంటే జీతం ఎక్కువ అన్నాడు ఆ ఏజెంటు, వాని నోట్లో మన్నుపడ! దిగగానే కాగితాలమీద సంతకాలు పెట్టించి, చేతికి తుపాకి ఇచ్చి యుద్ధానికి తోలారు. కోడిని కోయమంటే గోడదూకి పారిపోయే పిల్లవాడు మా బొగ్గుబాయి కాలనీలో వాడొక్కడే.

ఒకసారి వాళ్ళమ్మకు కాకుండా నాకు ఫోన్ చేశాడు. “చిన్నవ్వా, గీడ రొట్టె గడ్డకట్టి రాయి అయితంది. చంకల పెట్టుకొని, మెత్తగైనంక తింటున్న. అవ్వకు చెప్పకు, పరేషాన్ అయితది.” మళ్ళీ ఫోన్ రాలేదు. చావు కబురు వచ్చింది. చాలా రోజులకు పెట్టె వచ్చింది.

రేకు పెట్టె, అంచులన్నీ అతికేసి ఉన్నాయి. వెంట వచ్చిన అధికారి దాన్ని వాకిట్లో దించి, తెరవొద్దన్నాడు. లోపల చూడదగ్గట్టు లేదని నా చెవిలో చెప్పాడు. మా సారక్క వింటేనా! అప్పటికే నీళ్ళు కాచి, పసుపు కలిపి పెట్టుకుంది. స్నానం చేయించకుండా మాలో ఎవరినీ పాడె ఎక్కించరు.

“సార్, జర తెరువుండ్రి. ఎట్లున్నా నా కొడుకే గద. ఒంటిమీద నీళ్ళు పొయ్యకుంట ఎట్ల సాగదోలుత?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. పాపం, ఆయన కళ్ళలోనూ నీళ్ళే.

“అయితె పెట్టెమీద్నే పోస్త తియ్,” అంటూ అక్క చెంబు ముంచింది. ముంచి, అలాగే నిలబడిపోయింది. స్నానం తల మీదనుంచి మొదలుపెట్టాలి. పాడెమీద కూడా తల దక్షిణానికే ఉండాలి.

“తల ఎటు దిక్కున్నది సార్?”

ఆయన పెట్టె చుట్టూ తిరిగాడు. రెండు చివరలూ ఒకటే తీరుగా ఉన్నాయి. అంటించిన కాగితం మీద ఆ దేశపు అక్షరాలు. ఎవరెవరికో ఫోన్ చేశాడు. ఎవరికీ తెలియదట.

నాకు ఒళ్ళు మండింది. “మనిషిని తీస్కపోయి సంపిన్రు! తల ఎటున్నదో సుత చెప్పరాదా?” అని అరిచాను. ఆయన తప్పేముంది, నా కడుపుమంట గానీ.

సారక్క చెంబు కిందపెట్టింది. పెట్టెకు ఈ చివర చెవి ఆనించింది. లేచి, ఆ చివరకు పోయి ఆనించింది. వేళ్ళతో మెల్లగా తట్టింది.

“రాకేశా, నీళ్ళు సల్లగైతున్నయ్ బిడ్డా. ఎటున్నవ్? జర పలుకు.”