బయటి పొయ్యి

పాలెంలో ఇంటింటికీ ఇచ్చిన కరెంటు పొయ్యిలన్నీ అటకెక్కి కూర్చున్నాయి. ఎందుకు వాడటం లేదో కనుక్కు రమ్మని వాటిని పంచిన సంస్థవాళ్లు నెల్లూరు నుంచి సుప్రియను పంపారు. పొయ్యి తయారుచేసిన ఇంజినీరు జయకుమార్ అయితే ఎప్పుడో తేల్చేశాడు: "వాళ్లకు అవగాహన లేదండీ!" ఆ మాటకు సుప్రియకు ఒళ్లు మండింది. మనుషుల మధ్య కూర్చుంటేగాని పొయ్యి సంగతి తెలియదని వాదించి మరీ, కొన్నాళ్లు పాలెంలోనే ఉండేలా వచ్చి, చెంచమ్మ అనే ఆమె ఇంట్లో దిగింది.

తెల్లారితే చాలు, చెంచమ్మ ఇంటి బయట పొయ్యిలో సరుగుడు కట్టెలు ఎగదోసి, ఆ పొగకు పేగులు తెగేలా దగ్గేది. ఎదురింటి పిల్ల కొబ్బరిచిప్ప పట్టుకుని వచ్చి, నాలుగు నిప్పులు వేయించుకుని, మాటా పలుకూ లేకుండా పోయేది. నిప్పు అడిగి తెచ్చుకోవడం పాలెంలో మామూలేగా అని సుప్రియ పట్టించుకోలేదు. ఆ దగ్గు మాత్రం భరించలేకపోయింది.

"అక్కా, రేపొక్కరోజు లోపల కరెంటు పొయ్యి మీద వండక్కా. నాకోసం."

చెంచమ్మ ఏదో చెప్పబోయి, "సరేలే తల్లీ" అంది.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. బయట పొయ్యిలో బూడిద చూసింది. మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగింది. లోపలినుంచి చూస్తున్న చెంచమ్మ ఉన్నచోటే కూలబడింది.

"అది నా కూతురమ్మా, దుర్గ! వద్దన్నోణ్ణి చేసుకున్నాదని, నా గడప తొక్కొద్దన్నాను. తొక్కలా. మాట గూడా మానేసినాది. బయట పొయ్యికి గడప లేదు గదా! అగ్గిపెట్టె లేకనా తల్లీ, అది రోజూ వచ్చేది? నిప్పు పేరు జెప్పి ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఆ నిప్పూ లేదనుకోని పోయినాది."

సుప్రియకు గుండె చివుక్కుమంది. పొయ్యి గురించి అన్నీ అడిగింది, ఎదురింటి పిల్ల ఎవరని అడగనే లేదు! గబగబా కట్టెలు అందుకుంది. "ఇప్పుడే వెలిగిస్తానక్కా."

"ఉండు," అంటూ చెంచమ్మ లేచింది. గుమ్మం పట్టుకుని గొంతెత్తింది. "దుర్గా! పొయ్యి లోపలికి మారినాది. లోపలికి రా!"

దుర్గ వచ్చి గడప అవతలే నిలబడింది. "నువ్వే గదా తొక్కొద్దన్నావు."

"అన్నాను. నోరు జారినాను. రావే నా తల్లీ!"

దుర్గ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మూతి తిప్పింది. "కరెంటు పొయ్యిలో నిప్పు యాడుంటాది?"

"టీ ఉండాది. తాగి పో."

ఖాళీ చిప్ప చేతిలో పట్టుకునే దుర్గ గడప దాటింది.