బంగారంలాంటి మనుషులు

పప్పులో పోపు వేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మా ఆయన నరసాపురం లేసుని ఇంటర్నెట్ వేలంలో పెట్టి విదేశాలకి అమ్ముతారు. ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నేనే రాయాలి. మా పుట్టింట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషిని. ఆ చదువు ఇందుకు పనికొచ్చింది.

ఆ వేలంలో కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించి, అమ్మినవాళ్లు కొన్నవాళ్ల గురించి అందరికీ కనబడేలా ఒక మాట రాస్తారు. కొత్తవాళ్లు ఆ మాట చూసే నమ్ముతారు. మా పేరు కింద అన్నీ మెచ్చుకోళ్లే. ఎవరైనా "ఇది చేతి అల్లిక కాదు, మిషను లేసు" అని రాస్తే, "మీరు డబ్బు ఎగ్గొట్టేవాళ్లని మేమూ రాస్తాం" అని ఈయన నాచేత బెదిరింపు ఉత్తరం కొట్టిస్తారు. భయపడి తీసేస్తారు. ఒక్కావిడ మాత్రం తియ్యలేదు. "నా పేరు పోతే పోనీ. నా తర్వాత కొనేవాళ్లకి తెలియాలి" అని జవాబిచ్చింది. మొన్న ఆవిడ మీద అబద్ధం రాయనంటే ఈయన నా మణికట్టు మెలిపెట్టారు. రాశాను.

"మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉండదేంటి? మీ అమ్మతో అనకు. రేపు మీ చెల్లికి సంబంధాలొస్తే మీ గురించి మమ్మల్నే కదా అడుగుతారు," అన్నారు అత్తయ్యగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

నా పెళ్లికి ముందు మా నాన్న మొగల్తూరు నుంచి వచ్చి పక్కింట్లో వాకబు చేశారు. "బంగారంలాంటి మనుషులండి," అన్నారట వాళ్లు. వాళ్లమ్మాయి సంబంధానికి అత్తయ్యగారు కూడా అదే మాట చెప్పారని తర్వాత తెలిసింది.

ఇవాళ మా మరిదికి పిల్లనివ్వాలని సూర్యకళగారు ఇల్లు చూడ్డానికి వచ్చారు. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వచ్చి, పొయ్యి దగ్గరున్న నా పక్కన నిలబడ్డారు.

"నువ్వూ ఓ ఇంటి నుంచి వచ్చినదానివే కదమ్మా. మా హారతి ఒట్టి అమాయకురాలు. ఎలాంటోళ్లమ్మా వీళ్లు?"

"చెప్పవే రామతులసీ, మొహమాటమేంటి!" హాల్లోంచి అత్తయ్యగారు నవ్వారు. ఈయనా నవ్వారు.

బంగారం అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెల్లి మొహం కళ్లముందు కదిలింది. దాని బతుకు వీళ్ల నోట్లో ఉంది. కానీ దానికీ ఇలాంటి మాటతోనే ఇలాంటి ఇల్లే దొరుకుతుందేమో అనిపించింది. గ్యాసు కట్టేశాను. గొంతు తగ్గించలేదు.

"మీ అమ్మాయిని ఇవ్వకండి, పిన్నిగారూ."

హాల్లో నవ్వు ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. నేను గాజులు పైకి లాగి, కమిలిన మణికట్టు ఆవిడ ముందు పెట్టాను.