విమానం పొద్దు

మా మామ, అంటే మా ఆయన తండ్రి, కదిరయ్యకు చూపు లేదు. రెండు కళ్లకూ పొర కమ్మి, వెలుగేదో చీకటేదో కూడా తెలియకుండా పోయి చాలా ఏళ్లయింది. అయినా మా ఊరి శెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లందరినీ సాయంత్రం ఇంటికి పంపేది ఆయనే. వినేవాళ్లకు ఇదేం విడ్డూరం అనిపిస్తుంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

పని వదిలే పొద్దు దగ్గర మా వైపు ఎప్పుడూ రచ్చే. గడియారం ఉండేది చేను ఆసామి చేతికి. అది ఎందుకో సాయంత్రమయ్యేసరికి నత్తనడక నడిచేది. పోనీ సూర్యుణ్ణి చూసి చెప్పమంటే, కూలీల సూర్యుడు కొండ దిగిపోయి ఉంటాడు, ఆసామి సూర్యుడు ఇంకా కొండ మీదే కూర్చుని ఉంటాడు. ఈ పోరు పడలేక ఒక కరువు ఏడు అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. బెంగళూరు నుంచి ఉత్తరంగా పోయే పెద్ద విమానం ఒకటి రోజూ సాయంత్రం మా నెత్తి మీదుగా పోతుంది. చిన్న విమానాలు కీచుమంటాయి. ఇది తిరగలి తిప్పినట్టు బరువుగా గురగురమంటుంది. అది పోతే పని వదలాలి. "గడియారం ఆసామిది, ఇమానం అందరిదీ" అని ఆ ఒప్పందం చేయించింది నల్లమ్మ. కూలీల జట్టుకు పెద్ద ఆమే.

మరి విమానం వచ్చిందని చెప్పేదెవరు? కబుర్లు చెప్పుకుంటూ కలుపు తీసేవాళ్లకు అది వినబడిందంటే వినబడింది, లేదంటే లేదు. మా మామ ఒకప్పుడు గొర్రెల కాపరి. మందలో ఏ గొర్రె వెనకబడిందో దాని దగ్గు విని చెప్పేవాడట. మేత లేక మందను అమ్ముకున్నాం. తర్వాత కళ్లు పోయాయి. చెవులు మిగిలాయి. చేను మాదే అయినా, ఆ మనిషి నోట అబద్ధం రాదని నల్లమ్మే ఆయన్ను మా చేని గట్టు మీద కూర్చోబెట్టింది.

విమానం చెవిన పడగానే మందను మళ్లించే పాత కేక ఒకటి వేసేవాడు. మా చేను, పక్క చేను, దాని పక్క చేను, అన్నింటిలో ఆడవాళ్లు నడుములు పట్టుకుని లేచేవాళ్లు. వాళ్లంతా తన ముందు నుంచి నడిచిపోయేదాకా ఆయన గట్టు మీద నుంచి కదిలేవాడు కాదు. అందరి అడుగులూ దాటిపోయాక నా చెయ్యి పట్టుకుని చివర నడిచేవాడు. "మంద ముందు, కాపరి ఎనక" అనేవాడు. సంగటి ముద్ద తినడం తప్ప ఆయనకు మిగిలిన పని అదొక్కటే. ఆ పని ఉంది కాబట్టే ఆయన పొద్దున లేస్తున్నాడని నాకు తెలుసు.

తొంభైల మొదట్లో ఒక ఏడు వాన ఆలస్యంగా పడి, శెనక్కాయ కంటే గడ్డే ముందు మొలిచింది. ఒక సాయంత్రం విమానం వచ్చింది. నేను చెవులారా విన్నాను. ఆడవాళ్లూ విని మామ వైపు చూశారు. మామ కేక వెయ్యలేదు.

"మామా, ఇమానం పోతాండాది గదా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఏదో సన్నంగా గొణుగుతాండాది. అది మనది కాదు. మనది ఇంకా రాలే. కూకోండి."

ఆయన మాట కాబట్టి కూర్చున్నారు. ఇంకో విమానం రాలేదు. మసకబడింది. ఆయన మాత్రం ముఖం పైకెత్తి అట్లే ఉన్నాడు. చివరికి మా ఆయన కాటప్పే వచ్చి, పొండమ్మా అని పంపేశాడు.

మరుసటి రోజూ అదే తంతు. ఆ మరుసటి రోజు నల్లమ్మ చేతిలో గడ్డి విసిరేసి లేచింది.

"కదిరన్నా, కొడుకు చేనని ఇమానాన్ని గూడా ఆపుతాండావా?"

మామ ముఖం మాడిపోయింది. "ఏం మాటమ్మా అది" అన్నాడు.

"రేపు ఆయన గట్టు మీద కూకుంటే మేం చేన్లోకి రాం" అనేసి నల్లమ్మ జట్టును తీసుకుని వెళ్లిపోయింది.

నాకు కోపమొస్తే ఆగదు. ఇంటికి పోయే దారిలోనే మా ఆయన్ను పట్టుకున్నాను. "నువ్వేమన్నా నేర్పినావా ఆ ముసలాయనకి?" అంటే ఆయన నోరు తెరిచి, "నేనేంది, నువ్వే నేర్పినావేమో అనుకుంటాండా" అన్నాడు. ఒకరి మీద ఒకరం అనుమానంతో ఇల్లు చేరాం. మామను అడిగితే అదే మాట. అబద్ధం ఆడడం లేదు. మరి నేను విన్నదేంది? మా దగ్గరి ఊరు వై.ఎన్.హొసకోట అంగళ్లలో అడిగితే తలా ఒక మాట చెప్పారు. పెద్ద విమానాలు అమ్మేశారని ఒకరు, దారి మార్చారని ఇంకొకరు, నూనె కరువొచ్చి వాటిని కోసి చిన్నవి చేస్తున్నారని ఒక మహానుభావుడు. నా తల తిరిగిపోయింది. విమానం మారిందో, మామ మారాడో, నాకే మతి పోయిందో తెలియలేదు.

అదృష్టం కొద్దీ మరుసటి రోజు మా పెద్దనాయన కొడుకు వెంకటరాముడు రేషన్ కార్డు పని మీద వచ్చాడు. అతను బెంగళూరు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనిలో ఉన్నాడు. నేను పోయి నల్లమ్మను బతిమాలి, జట్టుతో సహా సద్ది తినే వేళకు చేని దగ్గరికి పిలుచుకొచ్చాను. తగువేదో అందరి ముందే తేలనీ అనుకున్నాను.

"ఇమానం మారిందని ఎవరన్నారు?" అన్నాడు వెంకటరాముడు. "మా కంపెనీ ఆ పెద్ద ఎయిర్‌బస్సు కొన్నప్పుడు నా మీసాలు నల్లగుండె. ఇప్పుడు చూడు. లోపల మనుషులు నడిచేదానికి రెండు దార్లు, అడ్డం మన కొట్టం కన్నా ఎక్కువ. దాని ఎనక చిన్నవి ఎన్నో వచ్చినాయి. పెద్ద ఊర్లకు మాత్రం దీన్ని వదల్లే. దాన్ని రిపేరు చేసేటోళ్లు దాంతోనే ముసలోళ్లయినారు. ఈ దారిలో సాయంత్రం పోయేది అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. టైము గూడా మారలే."

నల్లమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. అయితే మామ అబద్ధమే ఆడాడా?

మామ కర్రతో మట్టి గీకుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అది ఒకటే గదా, ఎంకటరాముడా? ఆడ పడుకోని, మల్లా మన మీదనే వస్తాది గదా?"

"ఒకటి యాడిది మామా? ఒకే జాతివి, ఒక మంద ఉండాయి. ఈ పొద్దు ఒకటొస్తే రేపు ఇంకోటి."

మామ తెల్లబోయాడు. ఇన్నేళ్లూ ఆయన లెక్కలో అది ఒకే విమానం. మెడలో గంట కట్టుకుని ముందు నడిచే పొట్టేలు లాంటిది. గొంతు కొంచెం తేడాగా ఉన్న రోజు, "దానికి పడిశం పట్టింది" అనేవాడు. నేను నవ్వేదాన్ని.

"మందా?" అన్నాడు. "ఇన్నేండ్లూ మందనంతా ఒకటే అనుకుంటినా?"

"అంతే మామా."

ఆయన కర్ర ఆగింది. "ఒక గొర్రె గొంతు మారితే దానికి జబ్బు చేసిందనుకోవచ్చు. మందలో అన్నిటికీ ఒక్కసారే మారదప్పా. మారింది కాపరి చెవి" అన్నాడు.

కళ్లు పోయిన రోజు కూడా ఆ మనిషి ముఖం అట్లా చూడలేదు నేను. ఏడుపు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నల్లమ్మ వచ్చి ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది. "అన్నా, నోరు జారినా. ఇమానం వచ్చినప్పుడు నేనొచ్చి నీ చెయ్యి పట్టుకుంటా. నువ్వు కేకెయ్యి. ఎప్పటి మాదిరే జరిగిపోతాది."

"నా చెవిన పడంది నేను చెప్పను" అన్నాడు మామ. "ఈ పొద్దు నుంచి ఆ పని నీది."

"నాకెందుకన్నా?"

"నేను తప్పు చెప్పినప్పుడు అందరూ కూకున్యారు. లేచి అడిగింది నువ్వొక్కదానివే. మందకు అట్లాటోళ్లు కావల్ల."

ఆ సాయంత్రం విమానం వచ్చింది. తిరగలి గురగుర నాకు స్పష్టంగా వినబడింది. నల్లమ్మ లేచి నిలబడి, మామ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని కేక వేసింది. గొంతు మధ్యలో పగిలింది కానీ కేక పక్క చేల దాకా పోయింది. ఆడవాళ్లు లేచారు.

గట్టు మీద మామ చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నాడు. తర్వాత పంచె దులుపుకుని లేచాడు.

"నడువమ్మా, పొద్దయింది" అన్నాడు నాతో.

ఆడవాళ్ల మధ్యనే కలిసి నడిచాడు. కొంత దూరం పోయాక నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ దాటేదాకా నల్లమ్మ ఆ గట్టు దగ్గరే నిలబడింది. తర్వాత మా వెనక చివరగా నడిచి వచ్చింది.