గోడకెక్కిన మనిషి

చెమ్మ దిగిన గోడ కనిపిస్తే ఇప్పుడు తల తిప్పుకుని పోతున్నాను. ఒకప్పుడు ఆ గోడలే నాకు అన్నం పెట్టాయి. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే మా పొట్ట కొట్టాక, వీధి గోడల మీద బొమ్మలేసే పని దొరికింది. కుర్రకారు సెల్‌ఫోన్లో చూసుకుని గీస్తారు. నాకా కర్మ పట్టలేదు. విశాఖ గాలికి ఉప్పూ, బొగ్గు నుసీ కలిసి గోడ మీద ఏ మరక పడితే దాని అంచు పట్టుకునే గీసేవాణ్ణి. గోడ చెబుతుంది, అర్జునరావు వింటాడు అని గొప్పలు పోయేవాణ్ణి కూడా.

జాలరిపేటలో కాసులమ్మ ఇంటి పక్కగోడ మీద మరక, భుజాన వల వేసుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. ఆవిడ పొద్దున్నే చేపల గంపెత్తుకుని పోయేది, కోడలు సుధారాణి రొయ్యల షెడ్డుకు పోయేది. మూడో రోజు మధ్యాహ్నం బొమ్మకు కళ్లు దిద్దాను. దారిన పోయే ముసలాయన చెప్పులు విడిచి, దానికి దణ్ణం పెట్టి వెళ్లాడు. నా పనితనానికేనని మురిసిపోయాను. ఎంత వెర్రివాణ్ణి!

సాయంత్రం కాసులమ్మ వచ్చింది. గంప దించకుండానే నిలబడిపోయింది.

"మా అప్పలరాజుని నువ్వెక్కడ సూసావు నాయినా?"

నేనెక్కడా చూడలేదు. రెండేళ్ల కిందట వేటకెళ్లిన ఆమె కొడుకు తిరిగి రాలేదట. శవమూ దొరకలేదు. దొరకనంతకాలం బతికున్నట్టే. అందుకే ఫొటో గోడకు తగిలించకుండా పెట్టెలో దాచారు. "గోడకెక్కితే పోయినోడే గదా బాబూ," అందావిడ.

సున్నం బకెట్ అందుకున్నాను. చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు మొకం మీద సున్నం కొడతావేటి?"

అంతలో అప్పలరాజు పెళ్లాం సుధారాణి వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చేతుల నిండా గాజులు. బొమ్మవైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

"సెరపొద్దన్నా. మార్సెయ్యి. మా మావ కాకుండా సేసెయ్యి. ఇంకెవుడైనా అవనీ."

మీసం దట్టం చేశాను. "పెళ్లికి అలాగే పెంచాడు," అంది కాసులమ్మ. ముక్కు వెడల్పు చేశాను. "ఇప్పుడు సరిగ్గా కుదిరింది," అంది. ఏం చేసినా వాడే వస్తున్నాడు. గీసేది నా చెయ్యేనా అని భయం పట్టుకుంది. చివరికి ముసలివాణ్ణి చేసేద్దామని జుట్టు నెరిపించాను, బుగ్గలు లోపలికి లాగాను, నుదుట ముడతలు వేశాను.

కాసులమ్మ మొహం విప్పారింది. "సూడే సుధా, ముసిలోడైనా ఎంత బాగున్నాడో!"

అప్పుడు చూసింది సుధారాణి, తిన్నగా, చాలాసేపు. దగ్గరికెళ్లి ఆ నెరిసిన జుట్టును వేలితో ముట్టుకుంది.

"మావకి ఈ వయసు రాదత్తా," అంది.

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆమె చేత అనిపించింది నేనే. ఆ అమ్మాయి ఒక్కొక్క గాజే తీసి అత్త గంపలో వేస్తుంటే, కుంచె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.